ఏ దేశం చదువు మంచిదో ర్యాంకు చూసి చెప్పొచ్చా?

సింగపూర్, ఫిన్లాండ్ చదువులు మనకంటే మేలని దేన్నిబట్టి అంటారని అడిగారు. ఎక్కువగా పీసా పరీక్షను బట్టి. 2000 నుంచి ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న కూటమి) నడుపుతున్న ఈ పరీక్షలో 15 ఏళ్ల పిల్లలకు గణితం, సైన్స్, చదివి అర్థం చేసుకోవడం మీద ప్రశ్నలుంటాయి. 2022లో గణితంలో సింగపూర్‌కు 575 పాయింట్లు వచ్చాయి, ఓఈసీడీ సగటు 472. మన దేశం నుంచి 2009 విడతలో తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ రాసి దాదాపు అట్టడుగున నిలిచాయి.

ర్యాంకు కంటే ముందు, పరీక్ష ఎవరు రాశారో చూడాలి. పీసా ఏడో తరగతి, ఆపైన బడిలో ఉన్నవాళ్లకే. 2015లో వియత్నాం సైన్స్‌లో 525 తెచ్చుకుంది, గొప్పే. కానీ అక్కడి 15 ఏళ్ల పిల్లల్లో దాదాపు సగం మందే ఆ లెక్కలోకి వచ్చారు.

మా పాలమూరు వాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మక్తల్, నారాయణపేట వైపు అమ్మానాన్నలతో వలసపోయిన పిల్ల పేరు హాజరు పట్టీలో ఉంటుంది, మనిషి ఉండదు. వెనకబడిన అలాంటి పిల్లలు పరీక్ష రాయకపోతే సగటు పెరిగినట్టే కనిపిస్తుంది! అందుకే నాకు ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ చేసే అసర్ సర్వే మీద గురి. పల్లెల్లో ఇంటికే వెళ్లి రెండో తరగతి పాఠం చదివిస్తారు, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించమంటారు. బడి మానేసిన పిల్లలూ అందులో ఉంటారు.

దేశాల్లో నేను మెచ్చేది ఎస్టోనియాను. 2022లో గణితంలో 510 వచ్చాయి, పైగా పేదింటి పిల్లలకూ ఉన్నవాళ్ల పిల్లలకూ మధ్య తేడా చాలా దేశాలకంటే తక్కువ.