భామ వేషం ఎవరికివ్వాలి?

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

వచ్చే ఏడాది కూచిపూడిలో సత్యభామ కథైన భామాకలాపం, యక్షగానమైన ప్రహ్లాద చరిత్ర రెండూ వేద్దామనుకుంటున్నానని రాశావు. ముందు నీ బృందంలో గొంతున్నవాళ్లు ఎంతమందో లెక్క చూసుకో. సోలోలకు అలవాటుపడ్డ పిల్లలకు కాళ్లు బాగా ఆడతాయి, మాట పెగలదు. కలాపమైనా యక్షగానమైనా వాచికం, అంటే ఆడేవాళ్లే నోటితో చెప్పే మాట, లేకుండా నిలబడదు. అలాంటివాళ్లే ఎక్కువైతే, 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టిన వెంపటి చినసత్యంగారి బాణీ నృత్యనాటకాల వైపు వెళ్లు. వాటిలో మాటల బరువు చాలావరకు వెనక పాడేవాళ్లే మోస్తారు.

భామను ఎంచేటప్పుడు ఒక జతి (తాళపు సొల్లులకు ఆడే అడుగుల వరస) పూర్తి వేగంలో చేయించి, దాని ముగింపు తీర్మానం పడీ పడగానే నాలుగు వాక్యాలు చెప్పించు. చివరి మాట మింగేసే పిల్ల రెండో దరువుకే, అంటే రెండో పాటకే, అలిసిపోతుంది. తర్వాత 'సిగ్గాయెనోయమ్మా' దరువు ఒక్కటీ చేయించి చూడు. మొగుడి పేరు చెప్పమని చెలికత్తె మాధవి గుచ్చిగుచ్చి అడుగుతుంటే చాలామంది తల వంచుకుని కొంగు నలుపుతారు. అది కొత్తపెళ్లికూతురి సిగ్గు. సత్యభామ తన జడ చూసుకుని తనే మురిసిపోయే మనిషి. గడ్డం పైకే ఉండాలి, చూపు మాత్రం జారాలి.

మగపిల్లవాడు బాగా చేస్తే వాడికే ఇవ్వు. వేదాంతం సత్యనారాయణశర్మగారికి అంత పేరు తెచ్చింది ఈ వేషమే.

మాధవిని జూనియర్లకు పడేయకు. భామ తడబడితే మాటతో అందుకోవాల్సింది మాధవే, నట్టువాంగం (తాళం వేస్తూ జతులు చెప్పడం) తెలిసినవాళ్లయితే మేలు. కృష్ణుడు చివర్లోనే కదా అని ఎత్తు చూసి ఎవరినో నిలబెడుతుంటారు. అంతసేపు భామ విరహపడింది వీడి కోసమా అనిపిస్తే ఆట అక్కడే చప్పబడిపోతుంది.

సభవాళ్లు గంటన్నరకు కుదించమంటారు. చరణాలు తిప్పి తిప్పి పాడే ఆవృత్తులు తగ్గించు, మాధవితో సంభాషణ ముట్టుకోకు. రికార్డు పాట వద్దు. జనం నవ్వినప్పుడు ఆగడానికి అందులో చోటుండదు.

ప్రహ్లాద చరిత్రకు హిరణ్యకశిపుడి గొంతు దొరక్కపోతే ఈ ఏడాదికి మానెయ్. దొరికితే ప్రహ్లాదుడికి ఇద్దరు పిల్లల్ని తయారుచెయ్యి. పరీక్షలు పడటమో, జ్వరమో, ముందుపళ్లు ఊడటమో, ఏదో ఒకటి వస్తుంది.

రెండో భామను కూడా ఉంచుకుంటావు కదా, ఆ పిల్లకూ జడ, గజ్జెలు కట్టించి కనీసం రెండుసార్లు మొత్తం ఆడించు. మెడకు ఆ బరువు అలవాటు లేకపోతే గిరుక్కున తిరిగినప్పుడు తల వెనక్కి లాగేస్తుంది.

మీ బాబాయి