మంగళవారం రాత్రి ఏం తిన్నారు?

చిరంజీవి అమ్మాయికి,

నీ కథ చదివాను. వాక్యం చక్కగా నడిచింది. నాలుగో పేజీకి వచ్చేసరికి మాత్రం ఒళ్లు మండింది. 1976లో షికాగోలో దిగిన కొత్త కోడలు వారం తిరక్కుండానే గోంగూర పచ్చడి నూరిందా? ఎక్కడ దొరికిందమ్మా ఆ గోంగూర? డెవాన్ అవెన్యూలో పటేల్ బ్రదర్స్ కొట్టు తెరిచిందే 1974లో. పప్పులూ మసాలాలూ దొరికితే అదే పదివేలు.

అప్పట్లో మా ఉప్మా క్రీమ్ ఆఫ్ వీట్ అనే గోధుమ నూకతో, గులాబ్ జామూన్ పాన్‌కేకులకి వాడే బిస్క్విక్ పిండితో. రైస్ క్రిస్పీస్‌నే మరమరాలనుకుని ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపేవాళ్లం. రికోటా చీజ్‌ని మూకుట్లో వేసి నీరంతా ఇగిరేదాకా కలియబెడితే పాలకోవా లాంటిదేదో తయారయ్యేది. చెయ్యి లాగేసేది, గరిట ఆపితే అడుగంటేది. ఇదంతా కథలో రాసి పంపితే ఒక ఎడిటర్ గారు డబ్బాల పేర్లన్నీ కొట్టేసి ‘అమ్మ చేతి కమ్మదనం’ అని తగిలించి వేశారు. ఇప్పటికీ మింగుడుపడదు నాకు. వాళ్ల దృష్టిలో ప్రవాసమంటే ఆవకాయ జాడీ ముందు కూచుని ఏడవడమే. ఇప్పుడు మాత్రం మారారా?

పండగ వంట రాయకు. పండగపూట ఎవరైనా ఊళ్లోలాగే వండుతారు. మంగళవారం రాత్రి ఏం తిన్నారో రాయి. ఉద్యోగాల నుంచి ఇద్దరూ అలిసొచ్చి, టోర్టిల్లాలు పెనం మీద వేడిచేసి పప్పులో నంజుకున్నారా? పిల్లాడు లంచ్ బాక్స్‌లో పులిహోర వద్దన్నాడా? దక్షిణాఫ్రికా డర్బన్‌లో మనవాళ్లు బ్రెడ్డు గుల్లచేసి కూర నింపుకుని బన్నీ చౌ అంటారు. అదీ రోజువారీ తిండే.

నీ తండ్రి పాత్ర అన్నాన్ని కప్పుతో కొలుచుకుని, అంచు దాటిన నాలుగు మెతుకుల్ని వేలితో గిన్నెలోకి తోసేస్తాడు చూడు, అక్కడ ఆగిపోయాను. దాన్ని రెండు లైన్లలో తేల్చేశావేం? మనవాళ్లకి సన్నగా ఉన్నా షుగర్ వస్తుంది. అందుకే 2015లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఆసియా వాళ్లకి బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి చూసే బరువు లెక్క, 25 దాకా ఆగొద్దు, 23 దగ్గరే పరీక్ష చెయ్యమంది. ఆ కప్పు కొన్నదెవరు, భార్యా, కూతురా? ఆయన అలిగాడా? అన్నానికి బదులు క్వినోవా గింజలు ఉడికించి, వాటిలో మాగాయ కలుపుకుని ముఖం చిట్లించాడా? కప్పు దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు.

పుస్తకం ఎవరు వేస్తారని అడిగావు. ఇప్పుడెందుకమ్మా ఆ గొడవ?

ఆశీస్సులతో,
మీ పిన్ని లాంటి మనిషి