పిల్లల వెన్నెముకకు టీబీ: మందులు ఎన్నాళ్లు, ఆపరేషన్ ఎప్పుడు?

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు. రెండు నెలలుగా వీపు నొప్పితో రాత్రిళ్లు ఏడుస్తూ లేస్తున్నాడు, బరువు కూడా తగ్గాడు. ఎంఆర్‌ఐ తీసి, వెన్ను పక్కన చేరిన చీమును పరీక్షించి, వెన్నుపూసలకు టీబీ సోకిందని, ఏడాది పాటు మందులు వాడాలని చెప్పారు. దగ్గే లేని పిల్లవాడికి టీబీ ఎలా వచ్చింది? ఆపరేషన్ లేకుండా నయమవుతుందా? గూని వస్తుందని బంధువులు భయపెడుతున్నారు.
- ఒక తల్లి, మదనపల్లె

జవాబు: టీబీ క్రిములు శ్వాసతో ఊపిరితిత్తుల్లోకి చేరి, అక్కడ ఏ లక్షణమూ కనిపించకుండానే రక్తం ద్వారా ఎముకలకు పాకగలవు. అందువల్ల వెన్నెముక టీబీ ఉన్న పిల్లల్లో చాలామందికి దగ్గు ఉండదు. పిల్లలకు ఈ క్రిములు సాధారణంగా దగ్గుతున్న పెద్దవారి నుంచే వస్తాయి కాబట్టి ఇంట్లోవారందరూ పరీక్ష చేయించుకోవాలి. మీ బాబు రాత్రిళ్లు ఏడవడానికీ కారణం ఉంది: పగలు బిగుసుకుని వెన్నును కదలనివ్వకుండా కాపాడే కండరాలు నిద్రలో సడలడంతో, జబ్బున్న చోటు కదిలి నొప్పి పుడుతుంది.

చీమును పరీక్షించడం మంచి పని. సీబీనాట్ పరీక్ష టీబీని నిర్ధారించడమే కాక, ప్రధానమైన రిఫాంపిసిన్ మందుకు క్రిములు లొంగుతాయో లేదో కొద్ది గంటల్లోనే చెబుతుంది. మందులకు లొంగే టీబీ అయితే మొదటి రెండు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్ ఇస్తారు; ఆ తరువాత పది నెలలు పైరజినమైడ్ తీసేసి మిగిలిన మూడింటిని కొనసాగిస్తారు. అవసరమైతే చికిత్సను 18 నెలల వరకు పొడిగిస్తారు. ప్రభుత్వ టీబీ కేంద్రాల్లో ఈ మందులు ఉచితం. నిక్షయ్ పోషణ్ యోజన కింద పోషణకు నెలకు 1,000 రూపాయలు కూడా ఇస్తారు. మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి బాబు కోలుకుని బరువు పెరిగితే దాన్ని మార్చవలసి రావచ్చు. రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగులోకి మారితే కంగారు పడనక్కరలేదు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మందగించినా వెంటనే డాక్టరుకు చూపించాలి. నొప్పి చాలావరకు కొన్ని వారాల్లోనే తగ్గిపోతుంది. చాలా కుటుంబాలు మందులు మానేసేది సరిగ్గా అప్పుడే. నొప్పి పోయినంత మాత్రాన ఎముకలోని క్రిములు పోయినట్టు కాదు.

ఆపరేషన్ ఎక్కువమందికి అవసరం ఉండదు. మద్రాసులో భారత వైద్య పరిశోధన మండలి, బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ కలిసి 1970లలో మొదలుపెట్టిన పరిశీలనలో, రోగిని మంచానికి కట్టిపడేయకుండా, ఆపరేషన్ లేకుండా, మందులతోనే ఈ వ్యాధిని నయం చేయవచ్చని తేలింది. అయితే వెన్నుపాముపై ఒత్తిడి పెరిగి కాళ్లు బలహీనపడినా, మందులు పనిచేయకపోయినా, వెన్నుపూసలు నిలకడ కోల్పోయినా ఆపరేషన్ చేస్తారు. బాబు తూలి పడుతున్నా, కాళ్లు బిగుసుకుపోతున్నా, మలమూత్రాలపై అదుపు తప్పినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

గూని విషయంలో మీ బంధువుల మాట పూర్తిగా నిజం కాదు, పూర్తిగా అబద్ధమూ కాదు. వెన్నుపూస ముందు భాగం కరిగిపోతే వీపు ముందుకు వంగుతుంది. మద్రాసు పరిశీలనలోని పిల్లలను కోయంబత్తూరు వెన్నెముక నిపుణుడు డాక్టర్ ఎస్. రాజశేఖరన్ 15 ఏళ్ల పాటు గమనించినప్పుడు, వ్యాధి నయమయ్యాక కూడా కొందరిలో వంపు పెరుగుతూ పోయింది, మరికొందరిలో ఎదుగుదలతో పాటు దానంతటదే తగ్గింది. ఎవరిలో పెరుగుతుందో ఎక్స్‌రేలోని కొన్ని గుర్తులను బట్టి ముందే అంచనా వేసి, వంపు ముదరకముందే సరిచేయవచ్చు. అందుకే మందుల కోర్సు ముగిసినా, బాబు ఎత్తు పెరగడం ఆగేవరకు డాక్టరు చెప్పిన వ్యవధిలో ఎక్స్‌రే తీయిస్తూ ఉండాలి.

ప్రశ్న: మా మూడు నెలల పాపకు నడుము కింద, వెన్ను మీద చిన్న రంధ్రం, దాని చుట్టూ వెంట్రుకలు ఉన్నాయి. అప్పుడప్పుడు తడిగా ఉంటోంది. ప్రమాదమా?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: పిర్రల మధ్య గీతలో, అడుగు కనిపించే చిన్న సొట్ట సాధారణంగా హానికరం కాదు. గీతకు పైన ఉండి, చుట్టూ వెంట్రుకలో ఎర్రమచ్చో ఉండి, తడి కారుతున్న రంధ్రాన్ని మాత్రం తేలికగా తీసుకోకూడదు. అది లోపల సన్నని గొట్టంలా సాగి వెన్నుపాము దాకా వెళ్లవచ్చు. ఆ దారిలో చర్మం మీది బాక్టీరియా లోపలికి చేరితే మెనింజైటిస్ (మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే పొరల వాపు), వెన్నుపాములో చీముగడ్డ వచ్చే ప్రమాదం ఉంది. రంధ్రంలో నూనె, పసుపు వేయకండి, పుల్లతో గానీ దూదితో గానీ కెలకకండి. వెంటనే పిల్లల న్యూరోసర్జన్‌కు చూపిస్తే ఎంఆర్‌ఐ చేయించి, గొట్టం లోపలిదాకా ఉందని తేలితే, ఇన్ఫెక్షన్ రాకముందే దాన్ని పూర్తిగా తీసేస్తారు. ఈలోగా పాపకు జ్వరం వచ్చినా, పాలు తాగకపోయినా, కాళ్లు ఆడించడం తగ్గినా ఆ అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి.