వాద్యబృంద కచేరి తలపెట్టిన మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

పర్యావరణ పరిరక్షణ కోసం హనుమకొండలో వాద్యబృంద కచేరి ఏర్పాటు చేస్తున్నామని రాసిన నీ ఉత్తరం చదివి ఎంతో సంతోషించాను. చాలా ఏళ్లుగా ఈ ఊళ్లో కచేరీలు నిర్వహిస్తున్నవాడిగా నాకు తోచిన మాటలు చెబుతాను.

బిడ్డా, ఒక్క సాయంత్రంలో అడవులు, నదులు, గాలి అన్నింటి గురించీ చెప్పాలనుకోకు. మన చెరువులను మాత్రమే తీసుకో. కాకతీయుల నాటి నుంచి ఇక్కడి చెరువులు గొలుసుకట్టుగా ఉండేవి. పై చెరువు నిండి మత్తడి పోస్తే ఆ నీరు కాలువ వెంట కింది చెరువుకు చేరేది. 2020 ఆగస్టులోను, 2023 జూలైలోను మన కాలనీలు మునిగిపోవడానికి భారీ వర్షాలు ఎంత కారణమో, ఆ కాలువలను, శిఖం భూములను అంటే చెరువు నీరు నిలిచే నేలను ఆక్రమించడం కూడా అంత కారణమని నా నమ్మకం. మోకాటి లోతు నీళ్లను ఇళ్లలో చూసిన శ్రోతలకు ఈ సంగతి వేరుగా వివరించనక్కరలేదు.

అందుకే రచనను కూడా గొలుసుకట్టుగానే కూర్చమని మీ సంగీత దర్శకుణ్ణి అడుగు. వీణ ఎత్తుకున్న స్వరవరుసను వయొలిన్లు, వాటి నుంచి వేణువు, ఆపైన బృందమంతా అందుకోవాలి. రెండోసారి వయొలిన్లను పూర్తిగా ఆపేసి, వేణువును ఎదురుచూస్తూ ఉండనివ్వాలి. తెగిన కాలువ అంటే ఏమిటో అప్పుడు ఉపన్యాసం లేకుండానే తెలుస్తుంది. వాన కురిపిస్తుందని పేరున్న అమృతవర్షిణి వాయించమని చాలామంది సలహా ఇస్తారు. అది గొప్ప రాగమే, కాని మన కష్టం వాన రాకపోవడం కాదు, వచ్చిన వానకు దారి లేకపోవడం.

డప్పును, ఒగ్గు డోలును తప్పక చేర్చు. అయితే వాటిని వేదికపై వెనుక వరుసలో ఉంచి, మైకు లేకుండా వాయించమని కళాకారులను గౌరవంగా కోరాలి. లేకపోతే వయొలిన్లు వినిపించవు. డప్పు కాచుకోవడానికి ఆవరణలో మంటకు చోటు కావాలని హాలు వారికి ముందే చెప్పి ఉంచు.

భద్రకాళి చెరువు గట్టున కచేరి పెడితే అందంగా ఉంటుందని నీవు రాశావు. చలికాలంలో చెరువులకు వలస పక్షులు వస్తాయి. వాటి పక్కన పెద్ద స్పీకర్లు మోగించి ప్రకృతిని కాపాడమనడం నాకు సమ్మతం కాదు. కాళోజీ కళాక్షేత్రం వంటి హాలులో పెట్టుకుంటే సంగీతమూ స్పష్టంగా వినిపిస్తుంది.

ఫ్లెక్సీలు, ప్లాస్టిక్ సీసాలు, శాలువాల సన్మానాలు వద్దు. ఉపన్యాసం ఒక్కటే, అదీ చెరువు కింద సేద్యం చేసే రైతు చేత చెప్పించు. విరాళమిచ్చేవారిలో శిఖం భూముల్లో వెంచర్లు వేసినవారు ఉంటే, డబ్బుకు ఎంత ఇబ్బంది ఉన్నా వారి సొమ్ము తీసుకోకు. ఆ లోటు పూడ్చడానికి నేను మిత్రులను అడుగుతాను. ఖర్చుల పట్టిక వెంటనే పంపు.

ఇట్లు,
మీ మామయ్య