డజను బాణాలూ ఒకేలా రావాలి

ప్రశ్న: మాది ఒడిశా రాయగడ జిల్లా గుణుపురం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా బాబు ఈ ఏడాది పదో తరగతి పాసయ్యాడు, లెక్కల్లో మార్కులు బాగానే వచ్చాయి. మూడేళ్లుగా విలువిద్య నేర్చుకుంటున్నాడు. విరిగిన కార్బన్ బాణాలన్నీ అట్టపెట్టెలో దాచి, జిగురుతో అతికి మళ్లీ వేస్తున్నాడు. ఇప్పుడు బాణాలు, పికిల్‌బాల్ బ్యాట్లు తయారుచేసే చదువే చదువుతానంటున్నాడు. అలాంటి చదువు ఉందా? ఇంటర్‌కి విశాఖ పంపేయమని వాళ్ల మేనమామ పట్టుబడుతున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, చదువు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ అతికిన బాణాలు వేయడం ఈరోజే మాన్పించండి. నారి వదిలిన క్షణంలో బాణం తిన్నగా పోదు. వెనక నుంచి పడే తోపుకి పాములా వంకర తిరుగుతూ పోతుంది. బాణంలో తెగిన కార్బన్ పోగు జిగురుతో మళ్లీ పోగు అవదు కాబట్టి, అతుకు ఆ వంపు దగ్గరే విడిపోతుంది. విరిగిన ముక్క విల్లు పట్టుకున్న చేతిలో దిగబడుతుంది. ఆ పేళ్లు ఎక్స్‌రేలో సరిగా కనపడవు, అందుకే డాక్టర్లకీ తిప్పలే. విరగని బాణమైనా సరే, గట్టి దెబ్బ తగిలిన ప్రతిసారీ రెండు కొనలూ పట్టుకుని కొద్దిగా వంచి, చుట్టూ తిప్పుతూ శబ్దం వినమనండి. చిటపటమని శబ్దం వస్తే ఇక దాన్ని వేయకూడదు.

అయితే ఆ పెట్టె పారేయకండి. బాబుకి మొదటి పాఠ్యపుస్తకం అదే.

బాబు అడిగిన పేరుతో డిగ్రీ కోసం వెతికితే నిరాశే. బాణం, బ్యాట్, తెడ్డు, రాకెట్ అన్నీ కాంపోజిట్ అనే ఒకే కుటుంబంలోని పనులు. పోగులు బలాన్నిస్తాయి, రెజిన్ అనే గట్టిపడే జిగురు వాటిని పట్టి ఉంచుతుంది. గాలిమర రెక్కలు, డ్రోన్ చట్రాలు, విమాన భాగాలు చేసేదీ ఈ విద్యతోనే. చేతి చురుకున్నవాళ్లు ఎవరైనా ఒక మంచి బాణం చేయగలరు. పన్నెండు బాణాలు ఒకేలా చేయగలిగినవాడికే ఈ రంగంలో జీతమిస్తారు. కాబట్టి మీ అబ్బాయి తయారీని ఇష్టపడుతున్నాడా అని కాదు, కొలవడాన్ని ఇష్టపడుతున్నాడా అని చూడాలి. అది తెలుసుకోవడానికి ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టొచ్చు.

బాణం మీద 500, 600 అని ఉండే అంకె దాని వంపుతనం, అంటే స్పైన్. 28 అంగుళాల దూరంలో ఉన్న రెండు ఆధారాల మీద బాణం పెట్టి, సరిగ్గా మధ్యలో 880 గ్రాముల బరువు వేలాడదీస్తే ఎంత కిందికి వంగుతుందో అదే ఆ అంకె. అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు వంగితే 500. 10.16 మిల్లీమీటర్లు వంగితే 400. అంకె పెరిగేకొద్దీ బాణం మెత్తన.

ఒక చెక్క పలక మీద రెండు వీ ఆకారపు ఆధారాలు 711 మిల్లీమీటర్ల దూరంలో బిగించమనండి. కొక్కెంతో కలిపి 880 గ్రాములు తూగేలా సీసాలో నీళ్లు పోయాలి. కొక్కెం బరువు మరిచిపోవడమే అందరూ చేసే మొదటి తప్పు. వంపు కొలవడానికి డయల్ గేజ్ కావాలి, అంటే కొన ఎంత కదిలిందో గడియారం లాంటి బిళ్ల మీద చూపే సాధనం. 10 మిల్లీమీటర్ల గేజ్ చవకే గానీ ఈ పనికి చాలదు, 25 నడిచేది కొనాలి. దాని కొన కింద నుంచి ఆనితే లోపలి స్ప్రింగ్ బాణాన్ని పైకి ఎత్తి వంపు తక్కువ చూపిస్తుంది. పై నుంచి ఆనితే అదే స్ప్రింగ్ కిందికి నొక్కుతుంది. అందుకే బలహీనమైన స్ప్రింగ్ ఉన్నది తీసుకుని, ముందు గేజ్ ఆనించి సున్నా పెట్టి, తర్వాతే బరువు వేయాలి. బాణాన్ని పావు చుట్టు చొప్పున తిప్పుతూ నాలుగు వైపులా కొలవాలి. షీటు చుట్టి చేసిన గొట్టమైతే అతుకు వైపు గట్టిగా, మిగతా వైపు మెత్తగా రావచ్చు. బరువు కొలవడానికి బంగారం తూచే 0.01 గ్రాముల కాటా చాలు. బాణం బరువు గ్రెయిన్లలో చెబుతారు, ఒక గ్రెయిన్ 0.065 గ్రాములు.

తన దగ్గరున్న మంచి బాణాలన్నిటికీ నెలరోజుల పాటు ఇలా పట్టిక రాస్తే రెండింట్లో ఒకటి జరుగుతుంది. విసుగెత్తి పక్కన పడేస్తే, ఆటే ఇష్టం గానీ తయారీ కాదని మీకు తెలిసిపోతుంది. అలా కాక, ‘ఏడో నంబరు బాణం ఎప్పుడూ కుడికే ఎందుకు పోతోంది?’ అని పట్టిక తిరగేస్తే మీ డబ్బు వృథా కాదు. కుడిచేతి వాటం వాళ్లకి మెత్తని బాణం కుడికి, గట్టిది ఎడమకి పోతుంది. బహుశా అతనికే అది కనపడుతుంది.

పెట్టెలోని విరిగిన బాణాలు కోసి లోపల చూడమనండి. గొట్టాలు కోసే చక్రాల కట్టరు గానీ హాక్సా గానీ వద్దు, పోగులు చీలిపోతాయి. గరుకు రాయి బిళ్లతో గానీ, నీళ్లలో తడిపిన ఎమరీ కాగితం మీద రుద్ది గానీ కోయాలి. ముక్కుకి ఎన్95 మాస్కు తప్పనిసరి. కార్బన్ పొడి కరెంటుని ప్రవహింపజేస్తుంది కాబట్టి కంప్యూటర్, ఫ్యాను ఉన్న గదిలో ఈ పని పెట్టుకోవద్దు. కోసిన అంచుని ఎండలో భూతద్దంతో చూస్తే పొరలు కనపడతాయి. చాలావరకు పోగులు పొడవునా ఉంటాయి, ఒకటో రెండో అడ్డంగా చుట్టి ఉంటాయి. ఆ అడ్డపొర లేకపోతే వెదురు చీలినట్టు గొట్టం నిలువునా చీలుతుంది. వెదురు పోలిక మీ చుట్టుపక్కల సవర, కోదు పల్లెల్లో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు.

లెక్కలు ఎందుకంటే చూడండి. లోపలి వ్యాసం 6.2, బయటి వ్యాసం 7.4 మిల్లీమీటర్లున్న గొట్టం స్పైన్ 500 అనుకుందాం. గోడ మందం 0.1 మిల్లీమీటర్ పెరిగి బయటి వ్యాసం 7.6 అయితే, వ్యాసం నాలుగో ఘాతంతో లెక్క నడుస్తుంది కాబట్టి దృఢత్వం 22 శాతం పెరిగి స్పైన్ 410 దగ్గరికి వచ్చేస్తుంది. కాగితం మందమంత పొరపాటు జరిగినా బాణమే వేరే బాణం అయిపోతుంది. పోగు దిశ కూడా అంతే. పొడవునా ఉండాల్సిన పోగు 10 డిగ్రీలు పక్కకి పోతే ఆ పొర గట్టితనం మూడో వంతుకు పైగా పడిపోతుంది. చుట్టేటప్పుడు షీటు ఏటవాలుగా కోస్తే జరిగేది ఇదే.

ఫ్యాక్టరీలో బాబు చేయబోయే పనిని కూడా ఒకసారి చూద్దాం. ప్రీప్రెగ్ అంటే పోగులకు ఎపాక్సీ అనే రెజిన్ ముందే పట్టించిన షీటు. మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో ఉంటుంది. బయటికి తీశాక సంచి విప్పకుండానే గది వేడికి రానివ్వాలి. తొందరపడి విప్పితే, మన వైపు వానాకాలం గాలికి, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి చెమట పట్టినట్టు షీటుకీ పడుతుంది. ఆ తడి ఓవెన్‌లో ఆవిరై పొరల మధ్య బుడగలుగా మిగులుతుంది. మాండ్రెల్ అనే నునుపైన ఉక్కు కడ్డీకి రిలీజ్ మైనం పూసి, షీటు చుట్టి, పైన వేడికి బిగిసే ప్లాస్టిక్ టేపు చుట్టి, 120 నుంచి 130 డిగ్రీల దగ్గర గంట, గంటన్నర ఉంచుతారు. చల్లారితే ఉక్కు కుంచించుకుంటుంది, కార్బన్ దాదాపు కుంచించుకోదు. కడ్డీ జారి బయటికి రావడం ఆ తేడా వల్లే. రాకపోతే మైనం సరిగా పట్టలేదనో, కడ్డీ మీద గీత పడిందనో అర్థం. తర్వాత సెంటర్‌లెస్ గ్రైండింగ్ (గొట్టం బయటి వైపు సమంగా అరగదీయడం), కోత, ఆపైన అసలు పని అయిన ఏరివేత. బాణం తిన్నగా ఉండటంలో తేడా 0.001, 0.003, 0.006 అంగుళం అని విడదీస్తారు. చాలా చోట్ల ఒకే ఓవెన్‌లోంచి వచ్చినవే ఇలా వేరువేరు ధరలకి పోతాయి.

బ్యాట్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. పికిల్‌బాల్ బ్యాట్ అంటే పాలీప్రొపిలీన్ తేనెపట్టు మీద రెండు వైపులా కార్బన్ ముఖాలు. మందం ఎక్కువగా 16 మిల్లీమీటర్లు. ప్రెస్సులో వేడి, ఒత్తిడి ఎక్కువైతే లోపలి తేనెపట్టు గూళ్లు నలిగిపోతాయి. నలిగినచోట ముఖం ఊడి బంతి ట్రాంపోలిన్ మీద పడ్డట్టు ఎగురుతుంది. అలాంటి బ్యాట్‌ని పోటీలో ఒప్పుకోరు. పొడవు, వెడల్పు కలిపి 24 అంగుళాలు, పొడవు 17 అంగుళాలు దాటకూడదు. టేబుల్ టెన్నిస్ బ్యాట్‌లో పోగుల పొర మొత్తం మందంలో 7.5 శాతం గానీ 0.35 మిల్లీమీటర్లు గానీ, ఏది తక్కువైతే అది దాటకూడదు. బాణానికైతే ప్రపంచ ఆర్చరీ పోటీల్లో బయటి వ్యాసం 9.3 మిల్లీమీటర్ల హద్దు. డిజైన్ చేసేవాడు మొదట చదవాల్సింది ఈ నియమాల పుస్తకాలే. అందమైన బొమ్మ గీసి, అది నిబంధనకి లోబడదని ఆఖర్న తెలుసుకునే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు.

ఇక చదువు. పది పాసైన బాబుకి రెండు దారులున్నాయి. మొదటిది కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్స్ విద్యాసంస్థ సిపెట్‌లో మూడేళ్ల డిప్లొమా. ప్లాస్టిక్స్ టెక్నాలజీ, ప్లాస్టిక్స్ మోల్డ్ టెక్నాలజీ రెండూ పనికొస్తాయి. బాబుకి నా మొగ్గు మోల్డ్ వైపే, ఎందుకంటే అచ్చు చేయగలిగినవాడికి కాంపోజిట్ నేర్పడం తేలిక. భువనేశ్వర్‌లో సిపెట్ ఉంది, గుణుపురం నుంచి రైలు ఉంది. ప్రవేశ పరీక్ష దేశమంతటికీ ఒకటే. డిప్లొమా అయ్యాక ఒడిశా ప్రవేశ పరీక్ష ఓజేఈఈ లేటరల్ ఎంట్రీతో బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. రెండోది ప్లస్ టూ సైన్స్, ఆపైన మెకానికల్ గానీ మెటలర్జీ, మెటీరియల్స్ గానీ. రూర్కెలా నిట్‌లో ఇండస్ట్రియల్ డిజైన్ బీటెక్ కూడా ఉంది, ఇతని కోరికకి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది అదే. ర్యాంకు రాకపోతే మీ ఊళ్లో జీఐఈటీ, పర్లాకిమిడిలో సెంచూరియన్ యూనివర్సిటీలు ఉండనే ఉన్నాయి.

వాళ్ల మేనమామ మాట ఇక్కడ ఆలోచించాలి. నిట్‌లలో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లవి. ఆ సొంత రాష్ట్రాన్ని పుట్టిన ఊరిని బట్టి చూడరు, పన్నెండో తరగతి ఎక్కడ పాసయ్యాడో దాన్ని బట్టి చూస్తారు. విశాఖలో ఇంటర్ చదివితే రూర్కెలాలో ఒడిశా కోటా పోయి, తాడేపల్లిగూడెం నిట్‌లో ఆంధ్ర కోటా వస్తుంది. ఆంధ్ర రాష్ట్ర కాలేజీల్లో మాత్రం రెండేళ్ల ఇంటర్‌తో లోకల్ అయిపోరు, వరుసగా నాలుగేళ్ల చదువు చూస్తారు. బాబుకి రూర్కెలా మీద కన్నుంటే గుణుపురంలోనే ప్లస్ టూ చదివించండి. తెలుగు లెక్చరర్ దొరుకుతాడని మాత్రమే విశాఖ పంపడం నాకు నచ్చని పని.

మొదటి ఉద్యోగం బాణాల కంపెనీలో రాకపోవచ్చు, దానికి మనసు సిద్ధం చేసుకోండి. మన దేశంలో క్రీడా సామగ్రి అంటే జలంధర్, మేరఠ్. మేరఠ్‌లో ఈ రంగం కోసమే కేంద్ర ఎంఎస్ఎంఈ (చిన్న పరిశ్రమల) శాఖ నడిపే పీపీడీసీ అనే కేంద్రం ఉంది, చిన్న కోర్సులు అక్కడ చూడండి. మనవాళ్లు పోటీల్లో వాడే మేలిరకం కార్బన్ బాణాల్లో ఎక్కువ భాగం బయటి దేశాలవే. అందుకే మొదటి మూడు నాలుగేళ్లు హైదరాబాద్, బెంగళూరుల్లో విమాన భాగాలో, డ్రోన్లో చేసే చోట పనిచేసి, ప్రీప్రెగ్, ఓవెన్, తనిఖీ నేర్చుకోవడం మంచి దారి.

ఈలోగా ఇంట్లో చేసి చూస్తానంటే కార్బన్‌తో కాదు, గ్లాస్ ఫైబర్‌తో మొదలుపెట్టమనండి. చవక, పొడి కూడా కరెంటు పారనివ్వదు. ఎల్‌వై556 అనే ఎపాక్సీ రెజిన్ 100 గ్రాములకు, దాన్ని గట్టిపరిచే హెచ్‌వై951 హార్డెనర్ 10 గ్రాములు, కాటా మీద తూచి. ‘తొందరగా గట్టిపడాలి’ అని మరీ ఎక్కువ వేస్తే మిగిలిన హార్డెనర్ లోపలే ఉండిపోయి ముక్క పెళుసుగానో జిగటగానో మిగులుతుంది. ఒకేసారి ఎక్కువ కలిపి గ్లాసులో ఉంచేస్తే దానంతట అదే కాగి పొగలు కక్కుతుంది. అందుకే 100 గ్రాములు మించకుండా కలిపి, వెంటనే వెడల్పాటి పళ్లెంలో పోయాలి. వానాకాలంలో పైన మైనంలా తెల్లని పొర వస్తే గోరువెచ్చని నీళ్లతో కడిగి, ఆరాక ఎమరీ పట్టి, అప్పుడే రెండో పొర వేయాలి. చేతులకి నైట్రైల్ గ్లవ్స్ వేసుకోవాలి. ఎపాక్సీకి ఒకసారి చర్మం అలర్జీ తెచ్చుకుంటే తర్వాత కొద్దిగా తగిలినా దద్దురులొస్తాయి, ఆ పిల్లాడు ఈ వృత్తిలో నిలవడం కష్టం. వంటగదిలో, వంట గిన్నెల్లో అసలు వద్దు.

ఇలా చేసిన గొట్టాలు విల్లుకి ఎక్కించకూడదు. వాటిని కొలిచి, వంచి, విరిచి, ఎక్కడ విరిగిందో పట్టికలో రాసుకోవడానికే.