నాన్నగారి పద్మినికి ఐదున్నర లక్షలు: ఎఫ్‌డీ తీయాలా, లోన్ తీసుకోవాలా?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. విజయవాడలో ప్రైవేటు ఉద్యోగం, చేతికి నెలకు 78 వేలు వస్తుంది. ఇంటి లోన్ వాయిదా 24 వేలు. ఇంటి ఖర్చులు, పిల్లల ఫీజులు, ఇన్సూరెన్సులు కలిపి ఇంకో 42 వేలు. దసరాకి బోనస్ 60 వేల దాకా ఇస్తారు. అమ్మాయి ఇంటర్ సెకండియర్, అబ్బాయి తొమ్మిదో తరగతి. మా నాన్నగారు 1984లో కొన్న ప్రీమియర్ పద్మిని తెనాలిలోని పాత ఇంట్లో రేకుల షెడ్డు కింద 2013 నుంచి కదలకుండా ఉంది. నాన్నగారు పోయి ఆరేళ్లయింది. అమ్మకి 74. ఆ కారులో మరోసారి మంగళగిరి వెళ్లి పానకాల స్వామిని చూడాలని ఆవిడ కోరిక. ఆటోనగర్ మెకానిక్ ఒకాయన చూసి ఐదున్నర లక్షలవుతుందని ఎస్టిమేట్ రాసిచ్చాడు, జత చేస్తున్నాను. నాకు ఆరు లక్షల ఎఫ్‌డీ, పీఎఫ్ ఉన్నాయి. పర్సనల్ లోన్ కూడా ఇస్తామంటున్నారు. ఎలాగూ వింటేజ్ కారు అయిపోతుంది, పెట్టినదానికి రెట్టింపు వస్తుందని మా బావమరిది అంటున్నాడు. డబ్బు ఎక్కడి నుంచి తీయమంటారు?

జవాబు: ఎఫ్‌డీ తీయకండి, పీఎఫ్ ముట్టుకోకండి, లోన్ జోలికి అసలు వెళ్లకండి. కారు మాత్రం బాగుచేయించండి. ఇదెలా కుదురుతుందో మీరు పంపిన ఎస్టిమేట్‌లోనే ఉంది.

అందులో టింకరింగ్, పెయింటింగ్‌కి 2.20 లక్షలు. సీట్లు, లోపలి లైనింగ్, క్రోమ్ పనికి 90 వేలు. ఇంజన్‌కి 1.10 లక్షలు. బ్రేకులు, సస్పెన్షన్, టైర్లకి 90 వేలు. వైరింగ్, బ్యాటరీకి 40 వేలు. మొదటి రెండూ కలిపితే 3.10 లక్షలు, అదంతా చూపుల కోసం. బండి నడవడానికి, ఆగడానికి కావలసింది మిగతా 2.40 లక్షలే. అమ్మగారు అడిగింది ఆ కారులో కూర్చుని కొండకి వెళ్లాలని. రంగు వెలిసిన కారులో వెళ్లడానికి ఆవిడకి అభ్యంతరం ఉంటుందని నేననుకోను. పైగా 74 ఏళ్ల మనిషి కోరిక తీర్చాలంటే ముందు బండి నడవాలి, మెరుపు తర్వాత చూసుకోవచ్చు. మెకానిక్‌లు చాలామంది బాడీతో మొదలుపెడతారు, మీరు ఆ వరసని తిరగేయండి.

ఇక డబ్బు సంగతి. మీ ఇంటి నుంచి నెలకు 66 వేలు బయటికి పోతోంది. ఉద్యోగానికి ఏదైనా అయితే ఆరు నెలలు నెట్టుకురావాలంటే నాలుగు లక్షలు కావాలి. మిగిలిన రెండు లక్షలూ అమ్మాయి మొదటి ఏడాది కాలేజీ ఫీజుకీ, హాస్టల్‌కీ సరిపోతే అదృష్టం. కౌన్సెలింగ్ అయ్యాక ఫీజు కట్టడానికి ఎంతో గడువు ఇవ్వరు. ఆ సమయానికి ఎఫ్‌డీ కారు రూపంలో ఆటోనగర్‌లో ఉండకూడదు. అంటే మీ ఆరు లక్షలకీ ఇప్పటికే పని ఉంది.

పీఎఫ్ మీద 2024-25కి వడ్డీ 8.25 శాతం. ఇదే రేటు సాగితే, ఇవాళ తీసే ఐదు లక్షలు మీకు 58 వచ్చేసరికి దాదాపు 12 లక్షలయ్యేవి. పర్సనల్ లోన్ ఐదు లక్షలు 14 శాతానికి ఐదేళ్లకు తీసుకుంటే వాయిదా నెలకు సుమారు 11,600. మీకు నెలాఖరుకి మిగిలేదే 12 వేలు. వడ్డీ దగ్గర దగ్గర రెండు లక్షలు. పైగా పాత కారు పనిలో ఎస్టిమేట్ దాటకపోవడం అరుదు. మూత విప్పాక ఇంకో జబ్బు బయటపడితే, అప్పటికే అప్పులో ఉన్న మీరు ఇంకో అప్పు చేస్తారు, లేదా బండిని సగం విప్పిన స్థితిలో వదిలేస్తారు. ఈ రెండో రకం కార్లు షెడ్లలో చాలా ఉన్నాయి. ఇంజన్ ఒక చోట, తలుపులు ఒక చోట, కొన్నాళ్లకి మెకానిక్ ఇంకో చోట.

మీ బావమరిది గారి మాటకి లెక్కతోనే జవాబు చెబుతాను. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు 2021లో చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండినే వింటేజ్ అంటారు. మీ కారుకి ఆ అర్హత 2034లో వస్తుంది. అప్పుడు 20 వేలు కట్టి రిజిస్టర్ చేయిస్తే పదేళ్లకు వీఏ అక్షరాలున్న నంబరు ఇస్తారు. అయితే ఆ నంబరుతో ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, పెట్రోలుకీ, రిపేరుకీ తప్ప మామూలుగా రోడ్డెక్కకూడదు. అంటే వింటేజ్ అనిపించుకున్న రోజు నుంచి గుడికీ, పెళ్లికీ పనికిరాదు. ఇక లాభం. ఐదున్నర లక్షలు ఏడు శాతానికి ఎనిమిదేళ్లు ఉంచితే దాదాపు తొమ్మిదిన్నర లక్షలవుతాయి. ఈలోగా పెట్టే ఇన్సూరెన్సు, సర్వీసింగ్ కలిపితే కారు అంతకన్నా ఎక్కువకి అమ్ముడుపోవాలి. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం వాడిన 1912 నాటి పసుపు రోల్స్ రాయిస్ ఉంది. అలాంటిదానికి విలువ అరుదుదనం వల్ల వస్తుంది. పద్మిని పాతికేళ్ల పాటు మధ్యతరగతి ఇళ్లకీ, బొంబాయి ట్యాక్సీలకీ విరివిగా తయారైన కారు. మనకి దాని మీద ఎంత ప్రేమ ఉన్నా, కొనేవాడు అంత ప్రేమకి డబ్బివ్వడు. కాబట్టి దీన్ని పెట్టుబడుల జాబితాలో రాయకండి. ఇంట్లో శుభకార్యానికి పెట్టే ఖర్చులా, ముందే ఇంత అని గిరి గీసుకుని పెట్టండి. (ఎప్పుడైనా అమ్మితే, సొంతానికి వాడుకున్న కారు మీద వచ్చిన లాభానికి క్యాపిటల్ గెయిన్స్ పన్ను పడదు. నష్టం వస్తే చూపించుకోవడానికీ ఉండదు.)

ఒక్క రూపాయి ఖర్చు పెట్టకముందు కాగితాలు. కారు ఇంకా నాన్నగారి పేరు మీదే ఉందనుకుంటున్నాను. చట్టప్రకారం అది ఇప్పుడు అమ్మగారిది, మీది, తోబుట్టువులుంటే వాళ్లది కూడా. మీరొక్కరే రెండు లక్షలు పెట్టాక 'నాన్న కారులో నాకూ భాగముంది కదా' అన్న మాట వస్తే ఎవరి తప్పూ ఉండదు, మనసులు మాత్రం విరుగుతాయి. ముందే అందరితో మాట్లాడి, అభ్యంతరం లేదని రాయించుకోండి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మరణ ధ్రువపత్రం, ఫారం 31 (వారసుల పేరుకి మార్చమనే దరఖాస్తు)తో మీ పేరుకి మార్పించుకోవాలి. ఇది యజమాని పోయిన మూడు నెలల్లోపు జరగాల్సిన పని కాబట్టి జరిమానా ఉంటుంది.

ఆర్సీ రెన్యువల్ ఇంకో ఖర్చు. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు రెన్యువల్ ఫీజుని 2025 ఆగస్టులో 10 వేలకు పెంచారు. దానిపైన ఆలస్యమైన ప్రతి నెలకూ అదనపు రుసుము, పాత బండ్లకి వేసే గ్రీన్ ట్యాక్స్. కదలకుండా ఉన్న ఇన్నేళ్ల ఆలస్యం చిన్న మొత్తం కాదు. పాత ఆర్సీ పట్టుకుని ఆర్టీవో ఆఫీసుకి వెళ్లి, మీ బండి రికార్డు కంప్యూటర్‌లో కనిపిస్తోందో లేదో చూపించుకోండి. మొత్తం బకాయి ఎంతో, పేరు మార్పు ముందా రెన్యువల్ ముందా అన్నది కనుక్కుని రాసుకోండి. ఢిల్లీలో 15 ఏళ్లు దాటిన పెట్రోల్ కార్ల మీద వచ్చిన ఆంక్షలు చదివి భయపడకండి, అవి అక్కడివే. తనిఖీకి తీసుకెళ్లేటప్పుడు మాత్రం బండిని టోయింగ్ మీదే తీసుకెళ్లండి. ఆర్సీ, ఇన్సూరెన్సు లేని బండి ఎవరినైనా గుద్దితే ఆ పరిహారం మీ ఇంటి మీదకి వస్తుంది.

కాగితాల సంగతి తేలాక, ఓ ఆదివారం ఒక స్క్రూడ్రైవరూ, టార్చిలైటూ తీసుకుని షెడ్డుకి వెళ్లండి. లోపలి మ్యాట్లన్నీ ఎత్తండి. డ్రైవరు కాళ్ల దగ్గర, తలుపుల కింది అంచుల్లో, డిక్కీలో స్టెప్నీ ఉండే గుంటలో, బ్యాటరీ కూర్చునే పళ్లెంలో స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడవండి. టంగుమంటే బతికినట్టే. మొన దిగబడి ఎర్రటి పొట్టు రాలితే తుప్పు తినేసినట్టు. లారీకి ఉన్నట్టు ఈ కారుకి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే దాని వెన్నెముక. పైన తుప్పు పట్టిన మడ్‌గార్డుని తర్వాత చూసుకోవచ్చు కానీ, అడుగు రేకు పోతే ఇంజన్ మీద పెట్టే డబ్బు వృథా. ఇంత పెద్ద నిర్ణయం చేసే పరీక్షకి పైసా ఖర్చు లేదు, అందుకే దీన్ని మెకానిక్ పనులన్నిటికన్నా ముందు పెట్టాను.

కొత్త బ్యాటరీ తెచ్చి ఒక్కసారి స్టార్ట్ చేసి చూద్దామని ఎవరన్నా ఒప్పుకోకండి. పదమూడేళ్లు కదలని ఇంజన్‌లో పిస్టన్ రింగులు సిలిండర్ గోడలకి అతుక్కుని ఉండవచ్చు. బలవంతంగా తిప్పితే రింగులు విరుగుతాయి, కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాల్లో కాస్త ఆయిల్ పోసి, రెండు మూడు రోజులు నాననిచ్చి, పానాతో చేతితోనే మెల్లగా తిప్పించాలి. సులువుగా తిరిగితే కంప్రెషన్, అంటే సిలిండర్లలో ఒత్తిడి ఎంతుందో చూపించండి. బాగుంటే ఇంజన్ విప్పి బోర్ చేయించే (సిలిండర్లని లోపల కోయించే) అవసరమే రాకపోవచ్చు, 1.10 లక్షల్లో మంచి భాగం మిగులుతుంది. ట్యాంకులో పాత పెట్రోలు జిగురైపోయి ఉంటుంది. ట్యాంకు దింపి కడిగించాలి, కార్బురేటర్ విప్పి శుభ్రం చేయించాలి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఆనాటి రబ్బరు గొట్టాలు, వాషర్లు దానికి తట్టుకోవు, అన్నీ ఇథనాల్‌కి పనికొచ్చే రకంతో మార్పించండి. ఇది కొద్దిపాటి ఖర్చే, వదిలేస్తే మాత్రం పెట్రోలు కారి నిప్పంటుకునే ప్రమాదం.

బ్రేకుల దగ్గర ఒక్క రూపాయి కూడా తగ్గించకండి. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. మాస్టర్ సిలిండరు, వీల్ సిలిండర్లు, హోసులు, ఆయిలు అన్నీ మార్పించాలి, పైకి బాగున్నట్టు కనిపించినా సరే. టైర్ల మీద పగుళ్లు లేకపోయినా ఐదూ కొత్తవి వేయించండి. మంగళగిరి కొండ ఎక్కడం ఇంజన్ పని, అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఘాట్ రోడ్డు దిగడం బ్రేకుల పని.

మెకానిక్‌తో ఒప్పందం కాగితం మీద ఉండాలి, లేబరు వేరు, సామాను వేరు. ఒక పని పూర్తయ్యాక దాని డబ్బు, తర్వాతే రెండో పని. విప్పే ముందు ప్రతి వైపూ ఫొటోలు తీయండి. గ్రిల్లు, హబ్ క్యాపులు, పద్మిని అక్షరాలు, డాష్‌బోర్డు మీటర్లు ముందే విప్పి ఇంటికి తెచ్చుకోండి. ఒకసారి పోతే అవి దొరకడం కష్టం. బొంబాయిలో చివరి పద్మిని ట్యాక్సీల గడువు 2023 అక్టోబరుతో ముగిసింది, వాటి సామాను వచ్చే దారి రోజురోజుకీ సన్నబడుతోంది.

నెలనెలా మిగిలే 12 వేలల్లో ఎనిమిది వేలు ఆర్డీ (రికరింగ్ డిపాజిట్)లో వేయండి. నాలుగు వేలు మాత్రం ఇంటికోసం వదలండి. రెండు దసరాల బోనసులు కలుపుకుంటే ఏడాదిన్నరలో 2.64 లక్షలవుతుంది. నడిచే కారుకి ఇది చాలు. ఆర్టీవో బకాయిలు ఎక్కువైతే ఇంకో మూడు నాలుగు నెలలు పడుతుంది. ఇంజన్ బోర్ తప్పితే ఇంకా ముందే పూర్తవుతుంది. ఆర్డీలో డబ్బు ఉన్నంతవరకే పని. పెయింటు, సీట్ల సంగతి అమ్మాయి చదువు ఖర్చు ఎలా ఉందో చూసుకుని రెండేళ్ల తర్వాత ఆలోచించండి.

బండి రోడ్డెక్కాక ఏటా ఖర్చు ఉంటుంది. 1089 సీసీ ఇంజన్ కాబట్టి థర్డ్ పార్టీ ప్రీమియం ప్రస్తుతం 3,416 రూపాయలు, పైన జీఎస్టీ. సొంత నష్టానికి కూడా పాలసీ తీసుకుంటే, ఇంత పాత బండి విలువని మీరూ కంపెనీ మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి. మీరు అడగకపోతే తక్కువే రాస్తారు. బిల్లులన్నీ ఒక ఫైల్లో పెట్టి చూపించండి. పదిహేను రోజులకోసారైనా నాలుగు కిలోమీటర్లు తిప్పండి, ఈ పెట్రోలుతో నెలల తరబడి నిలబెడితే ట్యాంకు మళ్లీ తుప్పు పడుతుంది.

స్క్రూడ్రైవరు దిగబడితే మాత్రం ఈ పని మొదలుపెట్టకండి. అమ్మడమా, స్క్రాపింగ్ కేంద్రానికి ఇవ్వడమా, షెడ్డులోనే ఉంచుకోవడమా అన్నది ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోండి. ఆర్డీ మాత్రం ఆపకండి, అమ్మాయి రెండో ఏడాది ఫీజుకి వాడుకోవచ్చు. కారు ఏమైనా సరే, అమ్మగారి మంగళగిరి ప్రయాణాన్ని ఏడాదిన్నర ఆపకండి. ఈ నెలలోనే ఒక ట్యాక్సీ మాట్లాడి తీసుకెళ్లి రండి. పద్మిని సిద్ధమయ్యాక ఇంకోసారి వెళ్లవచ్చు.