నలభై దాటాక మారగలమా?

ప్రశ్న: నా వయసు 42. ప్రతి పుట్టినరోజుకీ ఒక కొత్త నోటుబుక్కు కొని, ఇకనుంచి ఎలా ఉండాలో రాసుకుంటాను. తెల్లవారుజామున లేవాలి, రోజూ నడవాలి, ఏదైనా చదవాలి, ఫోన్ తగ్గించాలి, కోపం తగ్గించుకోవాలి. మూడు వారాలు బాగానే సాగుతుంది. ఆ తర్వాత ఆఫీసులో టెన్షన్ ఎక్కువై ఒకరోజు తప్పుతుంది. అంతే, మళ్ళీ మామూలే. ఇలాంటి నోటుబుక్కులు ఏడు పోగయ్యాయి. మొన్న మా అబ్బాయి మీద గట్టిగా అరిచాను. వాడికి పదమూడేళ్ళు. ఎదురు మాట్లాడలేదు, ఏడవలేదు. ‘నువ్వు మారవులే నాన్నా’ అని గదిలోకి వెళ్ళిపోయాడు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఈ వయసులో నేను నిజంగా మారగలనా?

జవాబు: మారగలరు. మీ మనసు కుదుటపడాలని చెబుతున్న మాట కాదిది. ఒకే మనుషులను ఏళ్ళ తరబడి గమనించిన 92 అధ్యయనాలను మనస్తత్వ శాస్త్రవేత్త బ్రెంట్ రాబర్ట్స్, ఆయన సహచరులు ఒకచోట చేర్చి 2006లో ప్రచురించారు. బాధ్యతగా ఉండటం, మనసును నిలకడగా ఉంచుకోవడం వంటి గుణాలు ఇరవై నుంచి నలభై ఏళ్ళ మధ్య బాగా పెరుగుతాయనీ, ఆ తర్వాత కూడా స్వభావంలో మార్పు ఆగిపోదనీ అందులో తేలింది. మీరు రాసిన సామెతను నేను ఒప్పుకోను. అలా అనుకుని ప్రయత్నం మానేసిన వాళ్ళను చాలామందిని చూశాను, వాళ్ళ ఇళ్ళల్లో పడ్డ బాధనూ చూశాను. ఏడుసార్లు మొదలుపెట్టారంటే మారాలన్న తపన మీకు గట్టిగానే ఉంది.

ఇక ఆ మూడు వారాల సంగతి. 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందన్న మాట మీరూ వినే ఉంటారు. మ్యాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన ఒక విషయం నుంచి అది వచ్చింది. ఆపరేషన్ తర్వాత కొత్త ముఖానికి అలవాటు పడటానికి తన పేషెంట్లకు కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించారు. చెప్పగా చెప్పగా ‘కనీసం’ అన్న మాట జారిపోయింది. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందితో అలవాట్ల మీద చేసిన పరిశోధన 2010లో అచ్చయింది. ఒక చిన్న పని దానంతటదే జరిగిపోయే స్థితికి రావడానికి సుమారు 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే చాలాయి, కొందరికి 254 రోజుల దాకా పట్టవచ్చని అంచనా వేశారు. ఈ లెక్కన మూడు వారాలకు మీకింకా కష్టంగా ఉందంటే అందులో వింతేమీ లేదు.

ఆ పరిశోధనలోనే మీకు బాగా పనికొచ్చే విషయం ఇంకొకటి ఉంది. మధ్యలో ఒకరోజు తప్పినా అలవాటు ఏర్పడటానికి పెద్దగా ఆటంకం కలగలేదు. మీ ఏడు ప్రయత్నాలూ ఆగింది సరిగ్గా అక్కడే కదా! తప్పిన రోజు వల్ల మీకు జరిగిన నష్టం తక్కువ. మర్నాడు ‘ఇక నావల్ల కాదు’ అని నోటుబుక్కు మూసేయడం వల్ల జరిగిందే ఎక్కువ.

ఇప్పుడు కాస్త కఠినంగా ఒక మాట చెప్పాలి. మీ జాబితాలోని ఐదింటిలో నాలుగింటిని ప్రస్తుతానికి పక్కన పెట్టండి. తెల్లవారుజామున లేవడాన్ని ముందుగా వదిలేయండి. నిద్ర తక్కువైతే చిన్నదానికే చిరాకు వస్తుంది, ఆ చిరాకు పిల్లవాడి మీదికే పోతుంది. మీకు నిద్ర పట్టనివ్వనిది కోపం సంగతి. దాన్ని ఒక్కదాన్నే పట్టుకోండి.

‘కోపం తగ్గించుకోవాలి’ అని రాసుకుంటే సరిపోదు. ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తారో ముందే తేల్చుకున్నవాళ్ళు అనుకున్నది చేయగలిగే అవకాశం ఎక్కువని పీటర్ గోల్‌విట్జర్ వంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు చూపించారు. ఈ నెలలో మీరు అరిచిన సందర్భాలను గుర్తు చేసుకోండి. బహుశా అవన్నీ రోజులో ఒకే వేళకు, ఒకే రకమైన మాట దగ్గరే వచ్చి ఉంటాయి. ఉదాహరణకు ఆఫీసు నుంచి రాగానే అయితే, చెప్పులు విడిచాక పది నిమిషాలు ఎవరినీ ఏమీ అడగకుండా ఒక్కరే కూర్చోండి. గొంతు పెరుగుతున్నట్టు అనిపిస్తే ‘పది నిమిషాలు ఆగి మాట్లాడతాను’ అని చెప్పి గదిలోంచి వెళ్ళండి. చెప్పినట్టే తిరిగి రండి. తిరిగి రాకపోతే మీరు అలిగారనే వాడు అనుకుంటాడు.

అయినా ఏదో ఒకరోజు అరుస్తారు. ఆ రోజు కోసం కూడా ఇప్పుడే సిద్ధంగా ఉండాలి. వాడి దగ్గరికి వెళ్ళి ‘నేను అరిచింది తప్పు’ అని చెప్పి అక్కడితో ఆపండి. ‘కానీ నువ్వు కూడా...’ అని మొదలుపెడితే క్షమాపణ కాస్తా మందలింపు అయిపోతుంది. వాడు వెంటనే కరగకపోవచ్చు. పదమూడేళ్ళవాడు మిమ్మల్ని నమ్మడానికి తన టైమ్ తను తీసుకుంటాడు, తీసుకోనివ్వండి. వాడన్న మాటను మాత్రం ధిక్కారంగా చూడకండి. మీరు మారాలని వాడికింకా ఆశ ఉంది కాబట్టే నోరు తెరిచి చెప్పాడు. అది చదువుతుంటే నాకు వాడి మీద చాలా ప్రేమ కలిగింది.

మీ భార్యకు ఈ ప్రయత్నం గురించి చెప్పండి. తప్పులు లెక్కపెట్టే పని మాత్రం ఆవిడకు అప్పగించకండి, అది ఇద్దరి మధ్యా గొడవవుతుంది. మీ గొంతు పెరిగినప్పుడు భుజం మీద చెయ్యి వేయమని అడగండి, చాలు.

ఒక్క జాగ్రత్త. దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం రెండు వారాలు దాటి కొనసాగుతుంటే, లేదా కోపంలో చెయ్యి లేస్తుంటే, ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుణ్ణి కలవండి.

కొత్త నోటుబుక్కు కొనకండి. ఏడోదాంట్లో మిగిలిన కాగితాల మీదే, ప్రశాంతంగా గడిచిన సాయంత్రాలకు ఒక గీత గీయండి. తప్పిన రోజు ఖాళీగా ఉండనివ్వండి. మూడు నెలలయ్యాక, ఎన్ని గీతలున్నా సరే, నాకు మళ్ళీ రాయండి.